మైకు చేతికొచ్చినప్పుడు తగ్గేదెలా

రెండేళ్ల కింద మా అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం వస్తే ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. హన్మకొండలో మాది చిన్న ఇల్లు, అందుకని డాబా మీద టెంట్ వేయించి, జంపఖానాలు పరిచి, అరవై మందికి బగారన్నం, చికెన్, పచ్చిపులుసు వండించాం. వాక్యం, అంటే బైబిల్ ప్రసంగం, అయ్యాక పాస్టరయ్యగారు మైకు నా చేతికిచ్చి "రెండు మాటలు సాక్ష్యం చెప్పండి బ్రదర్" అన్నారు. సాక్ష్యం అంటే దేవుడు మనకు చేసిన మేలును నలుగురి ముందు చెప్పడం. "నాలో ఏ మంచీ లేదు, నేను అల్పుడిని, అంతా దేవుని కృప" అని మొదలుపెట్టాను. అక్కడ ఆపితే బాగుండేది. తర్వాత ఎంసెట్ ర్యాంకు చెప్పాను, కాలేజీ పేరు చెప్పాను, క్యాంపస్‌లో ఎంతమంది రాస్తే ఎంతమందికి వచ్చిందో చెప్పాను, "దేవుడు మా ఊహకు మించి ఇచ్చాడు" అంటూ ఆ ఊహకు మించింది ఎన్ని లక్షలో కూడా చెప్పాను. అందరూ హల్లెలూయా అన్నారు.

భోజనాలయ్యాక డ్రమ్ము దగ్గర చేయి కడుక్కుంటూ ఒక అవ్వ నాతో అన్నది: "మంచిగ చెప్పినవ్ బిడ్డ. మా మనుమడు ఇంటర్ల రెండుసార్లు తప్పిండు. గా కృప మా ఇంటికి ఎప్పుడొస్తదో మరి." ఎత్తిపొడుపు కాదు, ఆమె నిజంగానే అడిగింది. నా చేతిలో పచ్చిపులుసు బకెట్ ఉంది, నోట్లో మాట లేదు.

ఆ రాత్రి నుంచి తగ్గింపు మీద, అంటే గొప్ప చూపుకోకుండా ఉండే వినయం మీద, చాలా చదివాను, కొన్ని చేసి చూశాను, కొన్నిట్లో మళ్లీ బోల్తా పడ్డాను. పనికొచ్చినవి కింద రాస్తున్నాను. నేను బైబిల్ కాలేజీలో చదివినవాడిని కాదు, సంఘంలో లెక్కల పుస్తకం రాసేవాడిని, అంతే.

మొదట ఆ చిట్టీ లెక్క మానేయండి

మన సంఘాల్లో తగ్గింపు గురించి ఎక్కువ వినబడే మాట "తగ్గించుకో బ్రదర్, దేవుడే హెచ్చిస్తాడు." బైబిల్లో లూకా 14:11లో ఆ మాట ఉంది, కాదనను. కానీ మనం దాన్ని చిట్టీ కట్టినట్టు వాడుతున్నాం: ఇప్పుడు నెలనెలా కొంచెం తగ్గు, ఆఖర్లో పెద్ద మొత్తం ఎత్తుకో. అలా తగ్గేవాడి కన్ను మొత్తం మీదే ఉంటుంది, ఆలస్యమైతే దేవుడి మీద అలుగుతాడు కూడా, "ఇంత తగ్గినా నాకేం చేసిండు" అని.

ఆ అధ్యాయం మొత్తం చదవండి. యేసు ఒక పరిసయ్యుల (ధర్మశాస్త్రం గట్టిగా పాటించే యూదుల) అధికారి ఇంట్లో భోజనానికి వెళ్లాడు, వచ్చినవాళ్లు ముందు వరుస సీట్ల కోసం ఎలా చూసుకుంటున్నారో గమనించి, వెళ్లి కడపటి చోట కూర్చోండి అన్నాడు. అంతటితో అయిపోతే అది పెళ్లికి వెళ్లినప్పుడు పరువు కాపాడుకునే తెలివి, మన పెద్దలు కూడా చెప్పే తెలివే. ఆయన వెంటనే, అంటే 12వ వచనం నుంచి, పిలిచిన ఇంటాయన వైపు తిరిగాడు: విందు పెడితే స్నేహితులను, చుట్టాలను, డబ్బున్న పొరుగువాళ్లను పిలవకు, వాళ్లు మళ్లీ నిన్ను పిలుస్తారు, లెక్క సరిపోతుంది. బీదలను, కుంటివాళ్లను, గుడ్డివాళ్లను పిలువు, వాళ్ల దగ్గర తిరిగి ఇవ్వడానికేం లేదు.

మన పెళ్లిళ్లలో గేటు పక్కన టేబుల్ వేసుకుని కట్నాలు రాసే పుస్తకం ఉంటుంది చూడండి, ఫలానా మామ ఐదు వందల పదహార్లు, ఫలానా బావ వెయ్యి నూటపదహార్లు. ఆ పుస్తకం బీరువాలో పదేళ్లుంటుంది, వాళ్లింట్లో పెళ్లయినప్పుడు తీసి చూసి అంతకు కొంచెం కలిపి పెడతాం. యేసు చింపమన్నది ఆ పుస్తకాన్ని. కుర్చీ మారడం దాని ముందు చిన్న పని.

కాబట్టి మొదటి పని ఇది. ఈ నెలలో మీకు ఏ రకంగానూ తిరిగి ఉపయోగపడని మనిషిని ఒక్కరిని భోజనానికి పిలవండి. పిలిచి, మీరు తినే కంచంలాంటి కంచంలోనే పెట్టండి. ఫొటో తీయకండి.

ఫిలిప్పీకి మన చౌరస్తాకు తేడా లేదు

తగ్గింపు గురించి అపొస్తలుడు పౌలు ఫిలిప్పీ ఊరి సంఘానికి రాసిన గట్టి మాటలు ఫిలిప్పీయుల పత్రిక రెండో అధ్యాయంలో ఉన్నాయి. ఆ ఊరు ఎలాంటిదో తెలిస్తే ఆ మాటల కారం తెలుస్తుంది. ఫిలిప్పీ రోమా కాలనీ, రిటైరైన సైనికులకు భూములిచ్చి కూర్చోబెట్టిన ఊరు. పదవుల పిచ్చి బాగా ఉండేది. ఎవరెవరు ఏయే పదవులు చేశారో వరుసగా చెక్కించుకున్న రాళ్లు అక్కడ దొరికాయి. హన్మకొండ చౌరస్తాలో ఫ్లెక్సీలు చూసినవాడికి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు: మధ్యలో పెద్ద ఫొటో, పైన నాయకుల వరుస, కింద స్టాంపు సైజులో ముఖాలు, ఆ స్టాంపుల్లో ఎవరిది ముందుండాలని గొడవలు.

ఆ ఊరివాళ్లకు పౌలు క్రీస్తు గురించి రాసిన జాబితా తలకిందులుగా నడుస్తుంది. దేవునితో సమానుడు, అక్కడి నుంచి దాసుడు, అక్కడి నుంచి మరణం, అది కూడా సిలువ మరణం. సిలువ అంటే వాళ్లకు బానిసలకు వేసే శిక్ష, మర్యాదస్తులు భోజనాల దగ్గర ఎత్తని మాట. మూడో అధ్యాయంలో పౌలు తన ఫ్లెక్సీ కూడా కడతాడు, ఎనిమిదో దినాన సున్నతి, బెన్యామీను గోత్రం, హెబ్రీయుల సంతానమైన హెబ్రీయుడు, పరిసయ్యుడు, అని అన్నీ రాసి, చివర్లో "పెంటతో సమానముగా" ఎంచుకుంటున్నాను అంటాడు. మన తెలుగు బైబిల్లో ఆ పదం అలాగే ఉంది, ఎవరూ మెత్తబరచలేదు, మంచిదైంది.

ఇక్కడ చాలామంది జారిపోయే చోటు ఒకటుంది. క్రీస్తు "తన్ను తానే రిక్తునిగా చేసికొనెను" అంటే ఖాళీ చేయడానికి ఆయన దగ్గర ఏదో ఉంది. యోహాను 13లో శిష్యుల కాళ్లు కడిగే ముందు ఏం రాసుందో చూడండి: తండ్రి తన చేతికి సమస్తం అప్పగించాడని, తాను దేవుని దగ్గర నుంచి వచ్చి దేవుని దగ్గరకు వెళ్తున్నానని ఎరిగి, లేచి, తువాలు కట్టుకున్నాడు. తెలుసుకోవడం ముందు, తువాలు తర్వాత. నేను ఎవరినో నాకు తెలియకపోతే నా చేతిలో తువాలు కూడా ఫ్లెక్సీ అవుతుంది. మైకు ముందు నాకు జరిగింది అదే. మా నాన్న హమాలీ, నలుగురిలో మా ఇంటి పేరు ఎత్తితే చిన్నచూపు చూసినవాళ్లు ఆ డాబా మీదే ఉన్నారు, నేను దేవుడికి సాక్ష్యం చెప్పడం లేదు, వాళ్లకు జవాబు చెబుతున్నాను. ఇది ఒప్పుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. మీరు కూడా ఒకసారి కూర్చుని ఎవరికి జవాబు చెప్పాలని ఇంత పరుగెత్తుతున్నారో కాగితం మీద రాసుకోండి. సాధారణంగా ఇద్దరు ముగ్గురే ఉంటారు, అందులో ఒకరు చనిపోయి కూడా ఉంటారు.

సాక్ష్యం చెప్పేముందు

ముందు రోజు రాత్రి మీరు చెప్పబోయేది రాయండి. రాశాక పెన్ను తీసుకుని అంకెలన్నీ కొట్టేయండి. ర్యాంకు, పర్సంటేజీ, ప్యాకేజీ, ఎన్ని గజాల ప్లాటు, ఎన్ని అంతస్తులు, ఏ వీసా, అన్నీ. "అల్పుడిని", "అయోగ్యుడిని", "ధూళిని" అన్నవి కూడా కొట్టేయండి, ఎందుకంటే ఆ మాటలు వినగానే ఎదుటివాళ్లు "అయ్యో లేదు బ్రదర్" అనాలని మనకు తెలుసు, అనకపోతే చూడండి ఎలా ఉంటుందో.

ఇప్పుడు కాగితం మీద దాదాపు ఏం మిగలదు. ఆ ఖాళీలో మనుషులను పెట్టండి. ఫీజు తీసుకోకుండా లెక్కలు చెప్పిన సారు, సెమిస్టర్ ఫీజుకు అడగ్గానే అప్పిచ్చి రెండేళ్లు నోరెత్తని చిన్నమ్మ, పుస్తెలతాడు తాకట్టు పెట్టి పసుపుతాడుతో ఏడాది తిరిగిన మీ ఆవిడ. మా కూడికలో నేను ఈ ముగ్గురిలో ఒక్కరి పేరు కూడా ఎత్తలేదు, ముగ్గురూ అక్కడే ఉన్నారు. ఇంకా తీరని కష్టం ఏదైనా ఉంటే అది కూడా చెప్పండి, అప్పు ఉంటే ఉందని చెప్పండి. చివరగా ఒక్కసారి చదివి, జంపఖానా మీద కూర్చున్నవాళ్లలో అందరికంటే బరువుతో ఉన్న మనిషి ఎవరో తలచుకోండి, ఆ మనిషి ఇది వింటూ ఏం అనుకుంటుందో. రెండు నిమిషాలు దాటకండి.

ఎవరైనా పొగిడితే "సంతోషం అన్నా" అని ఊరుకోండి. "నాదేముంది అన్నా" అని మూడుసార్లు అంటే రెండో రౌండు పొగడ్త అడుగుతున్నట్టే.

కానుకలు, ఫ్యాన్లు

లెక్కలు రాసేవాడిగా ఇందులో నాకు కొంచెం అనుభవం ఉంది. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియొద్దని మత్తయి 6లో ఉంది, మన దగ్గర ఎడమచేయి స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో పెడుతుంది. మా గుడిలో, అంటే చర్చిలో, ఫ్యాన్లకు రెక్కల మీద దాతల పేర్లుంటాయి, ఫ్యాన్ తిరుగుతున్నంతసేపు ఎవరికీ కనబడవు, కరెంటు పోయినప్పుడు మాత్రం చెమటలు తుడుచుకుంటూ అందరం చదువుతాం. చనిపోయినవాళ్ల జ్ఞాపకార్థం పేరు రాయించుకుంటే నేను తప్పు పట్టను, అది దుఃఖం, దాని లెక్క వేరు. బతికున్నవాళ్లం మన పేరు మనమే రాయించుకోవడం గురించే చెబుతున్నాను.

చేయాల్సిన పద్ధతి చిన్నదే. నగదు, పేరులేని కవర్, కానుకల సంచి. ఎవరి పిల్లకైనా ఫీజు కట్టాలనుకుంటే కాలేజీ కౌంటర్‌లో ఆ పిల్ల పేరు మీద కట్టేసి, రసీదు పాస్టరయ్యగారి ద్వారా పంపించండి, ఎవరు కట్టారో చెప్పొద్దని ఆయన దగ్గర మాట తీసుకోండి. తర్వాత ఆ పిల్ల తల్లి మీకు వందనాలు చెప్పకుండా పక్క నుంచి వెళ్లిపోతుంది చూడండి, అప్పుడు లోపల ఏదో గుచ్చుకుంటుంది. నాకైతే బాగా గుచ్చుకుంది. ఆ గుచ్చుకున్నదాన్ని తీసుకెళ్లి ప్రార్థనలో పెట్టండి, ఆమె దగ్గర కాదు.

ఇస్తరాకులు

గుడ్‌ఫ్రైడేకు ముందు రోజు, పవిత్ర గురువారం నాడు, కథోలిక గుళ్లలో ఫాదర్ పన్నెండు మంది కాళ్లు కడుగుతారు, కొన్ని మన సంఘాల్లో కూడా చేస్తున్నారు. నాకు ఆ ఆరాధన ఇష్టమే. కాకపోతే ఆ పన్నెండు మందీ ఇంటి దగ్గరే సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుని వస్తారు. యేసు కడిగినవి మట్టి రోడ్డు మీద నడిచొచ్చిన కాళ్లు.

మన దగ్గర దానికి సరిపోయే పని ప్రేమవిందు (సంఘమంతా కలిసి తినే భోజనం) అయ్యాక ఎంగిలి ఇస్తరాకులు ఎత్తడం. ఆకును లోపలికి మడవాలి, లేకపోతే ఎముకలు జారిపోతాయి. ఎంత మడిచినా పులుసు మణికట్టు మీదుగా మోచేతి దాకా కారుతుంది, ఆదివారం చొక్కా పోతుంది, సంచి అడుగున చిల్లి పడి ప్యాంటు మీద ధార కడుతుంది. మొదటిసారి ఎత్తినప్పుడు నన్నెవరు చూస్తున్నారో అని నాలుగు వైపులా చూశాను. రెండోసారి కూడా చూశాను. మూడోసారి ఎవరో "అయ్యో మీరెందుకన్నా" అంటే లోపల ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఐదో నెలకో ఆరో నెలకో గానీ నాకు చూడడం గుర్తుకు రాలేదు. అందుకని ఒక్కరోజు చేసి వదిలేయకండి, ఆ హాయి చచ్చేదాకా చేయండి.

ఒక షరతు. ఈ పని అందరికీ తగ్గింపు పాఠం కాదు. తరతరాలుగా ఊళ్లో ఎంగిలి ఎత్తిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే మన గుళ్లలో చాలామంది ఉన్నారు, వాళ్లకు ఆకులు ఎత్తడంలో కొత్తగా నేర్చుకునేదేమీ లేదు. కారులో వచ్చినవాళ్లు, కమిటీవాళ్లు, వేదిక మీద శాలువా కప్పించుకున్నవాళ్లు ఎత్తాలి. వాళ్లు ఎత్తుతుంటే ఆ ఇళ్లవాళ్లు కుర్చీల్లో కూర్చుని మాట్లాడుకోవాలి.

ఎక్కడ తగ్గకూడదు

"నీ బాంచెన్ దొరా, కాల్మొక్త" అన్న మాట ఈ నేల మీద ఎంతమంది నోట పలికించారో మన తాతలను అడిగితే తెలుస్తుంది. గడీ ముందు నుంచి చెప్పులు చేతిలో పట్టుకుని నడిచినవాళ్లున్నారు. దాన్ని తగ్గింపు అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. అది భయం, బలవంతం. సువార్త అలాంటి మనిషిని లేపి నిలబెట్టింది, మళ్లీ వంగమని చెప్పలేదు.

యేసు కూడా చెంప మీద కొట్టిన బంట్రోతును ఊరికే వదల్లేదు, నేను తప్పు మాట్లాడితే ఏం తప్పో చెప్పు, మంచిదైతే నన్నెందుకు కొడుతున్నావు అని అడిగాడు (యోహాను 18:23). పౌలును అదే ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టి జైల్లో వేసి, తెల్లారాక గుట్టుచప్పుడు కాకుండా వెళ్లిపొమ్మంటే, వెళ్లనన్నాడు, వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకుపోవాలన్నాడు. అధికారులు వచ్చి బతిమాలుకున్నారు. పెంటతో సమానం అని రాసిన చేయి అదే, గుర్తుంచుకోండి.

మనకు దగ్గర్లోనే ఒక మనిషి ఉన్నాడు. కాజీపేట నుంచి విజయవాడ లైన్లో పోతుంటే డోర్నకల్ జంక్షన్ వస్తుంది. అక్కడ పనిచేసిన వి.ఎస్. అజరయ్య తమిళుడు, 1909లో డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకుని ఎక్కువగా మాల, మాదిగ పల్లెల్లో తిరిగాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల సభలో నిలబడి, మీలో చాలామంది మమ్మల్ని పైనుంచి చూస్తున్నారని తెల్లదొరల ముఖం మీదే చెప్పాడు. పేదల కోసం మీ ఆస్తులిచ్చారు, మీ శరీరాలు కాల్చబడడానికి ఇచ్చారు, మేం ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నాడు. ఆ సభలో చాలామందికి మింగుడు పడలేదు. ఆ మనిషి తర్వాతి ముప్పై ఏళ్లకు పైగా ఈ మట్టి రోడ్ల మీద పల్లెపల్లె తిరిగి 1945లో చనిపోయాడు. నోరు మూసుకోవడం తగ్గింపు అయితే ఆయనది తగ్గింపు కాదు మరి.

గుర్తుపట్టడానికి నేను వాడే పద్ధతి ఒకటుంది. తగ్గమని ఎవరు ఎవరికి చెబుతున్నారో చూస్తాను. జీతం ఆపిన యజమాని పనివాడికి, కొట్టే భర్త భార్యకు, తప్పు లెక్క చూపిన పెద్ద లెక్క అడిగిన యువకుడికి "తగ్గించుకో" అని చెబితే అక్కడ తగ్గాల్సింది చెప్పినవాడు. ఇలాంటి చోట ఎవరైనా మిమ్మల్ని సలహా అడిగితే వాక్యం చూపించి పంపించకండి, ఆ మనిషి పక్కన నిలబడండి.

రిజల్ట్స్ వచ్చే రోజు

పిల్లలు బాగా చదవొద్దా, ప్రమోషన్ వద్దా అని మా చెల్లెలు నన్ను నిలదీసింది. కావాలి. మార్కు 10లో యాకోబు, యోహాను కుడిఎడమల సీట్లు అడిగితే, యేసు గొప్పవాడు కావాలనుకోవడమే పాపం అనలేదు, కావాలనుకుంటే పరిచారం చేయి అన్నాడు. నిట్‌లో ఇంజనీరింగ్ సీటు వస్తే వెళ్లండి, కేఎంసీలో (కాకతీయ మెడికల్ కాలేజీలో) వస్తే వెళ్లండి. ఆ చదువు ఎవరికి అందుతుందన్నదే ప్రశ్న, ఆ ప్రశ్న పిల్లాడిని ఇంటర్ మొదటి ఏడాదిలోనే అడగాలి, ప్యాకేజీ వచ్చాక అడిగితే వాడికి వినబడదు.

పిల్లలతో "నీ ర్యాంకు దేవుని కృప" అనకండి. నేనన్నాను, తప్పు. ర్యాంకు కృప అయితే ర్యాంకు రానివాడి మీద కృప లేనట్టు, అవ్వ అడిగింది అదే కదా. "కష్టపడ్డవు, సంతోషంగ ఉంది, నీకు చదువు చెప్పిన సారుకు ఫోన్ చెయ్" అనండి, చాలు.

రిజల్ట్స్ రోజు స్వీటు డబ్బాలు పంచే ముందు, సంఘంలో తప్పిన పిల్లలు ఎవరో కనుక్కుని మొదట వాళ్లింటికి వెళ్లండి. టిఫిన్ ఏదైనా పట్టుకెళ్లండి. సప్లిమెంటరీ గురించి సలహాలివ్వొద్దు, మీ అబ్బాయి ఎలా చదివాడో చెప్పొద్దు, ఎవరైనా పెద్ద శాస్త్రవేత్త కూడా ఫెయిలయ్యాడనే కథ అసలే వద్దు. కూర్చోండి, టీ ఇస్తే తాగండి, క్రికెట్ మాట్లాడండి. నేను అవ్వ ఇంటికి వెళ్లడానికి ఏడాది ఆలస్యం చేశాను. వెళ్లినప్పుడు ఆ పిల్లాడు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు, నేను వచ్చింది తెలిసి కూడా లేవలేదు. గంట కూర్చుని వచ్చేశాను.

పోయిన నెల మా వీధిలో ఇంకొకరింట్లో కూడిక అయింది. అందరూ వెళ్లిపోయాక జంపఖానాలు దులపాలి, అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, రెండో కొస పట్టుకోవడానికి ఒకరు కావాలి. చూస్తే ఆ పిల్లాడు గేటు దగ్గర ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు, పిలిస్తే వచ్చాడు. వాడు ఒక కొస, నేను ఒక కొస, పద్నాలుగు జంపఖానాలు. మధ్యలో "మీవాడు ఫారిన్ పోతడా అంకుల్" అని అడిగాడు. "తెల్వదు రా, వాడి ఇష్టం, నువ్వు గట్టిగ పట్టు" అన్నాను. గట్టిగా విదిలించాడు, దుమ్మంతా నా ముఖానికే వచ్చింది, వాడు ఆపుకోలేక నవ్వాడు.